యెహెజ్కేలు 35 (శేయీరు మీద తీర్పు) గృహకూటంలో ఎలా చెప్పాలి?

మల్కాజిగిరి_గృహకూటం

వందనాలు. వచ్చే శుక్రవారం మా గృహకూటంలో యెహెజ్కేలు 35 వంతు. 40 నిమిషాలే టైం. వచ్చేవాళ్లలో సగం మంది కొత్తవాళ్లు. యాకోబు, ఏశావుల కథ తెలుసు, శేయీరు ఎక్కడో తెలియదు. నేను రెండుచోట్ల ఇరుక్కున్నాను.

ఒకటి: ఎదోమీయుల (శేయీరు కొండల్లో ఉన్న ఏశావు సంతానం) పగకు కారణం లేకపోలేదు. 2 సమూయేలు 8లో దావీదు వాళ్లను లొంగదీసి దేశమంతా సైన్యాన్ని కాపలా పెట్టాడు. 1 రాజులు 11:15-16లో దావీదు సేనాపతి యోవాబు ఆరు నెలలు అక్కడే ఉండి మగవాళ్లను చంపాడు. దెబ్బ తిన్నవాడు పగ పడితే వాణ్నే శిక్షించడం న్యాయమా అని ఎవరైనా అడిగితే?

రెండు: పగ తప్పంటున్న దేవుడే మలాకీ 1:3లో ఏశావును ద్వేషించానంటాడు. దీనికేం చెప్పాలి?

పాతనిబంధన_చదువరి

బ్రదర్, మొదటిదానికి జవాబు 5వ వచనంలోనే ఉంది. అక్కడ నేరాలు రెండు: తరగని పగ ఒకటి, ఆపదలో పడ్డవాళ్లను కత్తికి అప్పగించడం ఇంకొకటి. యోవాబు చేసింది నిజమే, దాచొద్దు. కానీ 2 రాజులు 8:20-22 కూడా చదివించండి. యూదా రాజు యెహోరాము కాలంలోనే ఎదోము యూదా మీద తిరగబడి సొంత రాజును పెట్టుకుంది. తర్వాత యూదా రాజు అమజ్యా మళ్లీ వాళ్లమీద పడ్డాడు (14:7), అదీ చెప్పండి. అయినా క్రీ.పూ. 586లో బబులోను చేతిలో యెరూషలేము కూలేనాటికి ఎదోము మెడ మీద యూదా కాడి లేదు. ఆ రోజు చేసింది ఆత్మరక్షణ కాదు, సందు చూసి కొట్టిన దెబ్బ. మన ఊళ్లలో దాయాది పగ అంటే వెంటనే అర్థమవుతుంది.

బోర్డు ఉంటే ‘ఓలాం’ అనే ఒక్క హీబ్రూ మాట రాయండి. కాలాంతం లేనిది అని అర్థం. 5వ వచనంలో పగకు ఆ మాటే, 9వ వచనంలో పాడుకూ ఆ మాటే. ఎంతకాలం పగ పట్టారో అంతకాలం పాడు. 11లో నీ కోపానికీ అసూయకూ తగినట్టే నీకు చేస్తానంటాడు, 15లో వాళ్లు పాడైతే నువ్వు సంతోషించావు గనుక నీకూ అంతే అంటాడు. అధ్యాయం మొత్తం ఇదే తూకం. 6వ వచనంలో రక్తం అనే మాట నాలుగుసార్లు వస్తుంది. హీబ్రూలో అది ‘దామ్’, ఎదోము పేరులోనే వినపడుతుంది. తెలుగులో ఆ చమత్కారం పోతుంది కాబట్టి నోటితో చెప్పాలి.

10వ వచనం దాటేయకండి. ఇశ్రాయేలు, యూదా రెండు దేశాలూ మావేనన్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన రకం. అయితే ద్వితీయోపదేశకాండము 2:5లో శేయీరును ఏశావుకు ఇచ్చింది యెహోవాయే, అందులో అడుగు కూడా పెట్టొద్దని ఇశ్రాయేలుకే ఆంక్ష పెట్టాడు. తన వాటా భద్రంగా చేతిలో ఉండగా పక్కవాడిది అడిగారన్నమాట.

శేయీరు_పటం

పైన చెప్పినదానికి ఓబద్యా జోడించండి, 21 వచనాలే. 12-14లో ‘చేయకు’ అనే మాట ఎనిమిదిసార్లు వస్తుంది, మెట్లు మెట్లుగా: చూడకు, సంతోషించకు, గొప్పలు మాట్లాడకు, గుమ్మంలో అడుగు పెట్టకు, ఆస్తి మీద చెయ్యి వేయకు, చివరికి కూడలిలో నిలబడి పారిపోయేవాళ్లను పట్టివ్వకు. మొదటి మెట్టు 11లో ఉంది, ఊరికే దూరంగా నిలబడటం. నాకైతే ఓబద్యాలో అన్నిటికంటే పదునైన వచనం అదే.

ఎక్కడ అంటారా: మృత సముద్రానికి దక్షిణాన, ఇప్పటి జోర్డాన్ కొండలు. ఎదోము ముఖ్య పట్టణం బొస్రా అంటే ఇప్పటి బుసైరా. ఎర్రటి ఇసుకరాయి, నిట్టనిలువు లోయలు. బండ సందుల్లో కాపురమున్నవాడా అని ఓబద్యా 3 అనడం ఊరికే కాదు. ఫైనాన్ దగ్గర రాగి గనులుండేవి, పక్కనే రాజమార్గం అనే వర్తకుల దారి. ఆ దారిలోనే మోషేను పోనివ్వలేదు (సంఖ్యాకాండము 20). వచ్చేపోయేవాళ్లు లేకుండా చేస్తానని 35:7 అనడం దారి మీద బతికేవాళ్లకు ఎలాంటి దెబ్బో ఆలోచించండి.

మల్కాజిగిరి_గృహకూటం

చాలా ఉపయోగం. ఒక చిన్న అనుమానం: శాశ్వతంగా పాడు అన్నారు, కానీ ఆ కొండల్లోని పేట్రాకు టూరిస్టులు బస్సుల్లో వెళ్తున్నారు కదా?

శేయీరు_పటం

పేట్రాలో కనిపించే ఆ చెక్కడాలు తర్వాత వచ్చిన అరబ్బు జాతి నబాతీయులవి, ఎదోమీయులవి కావు. యెరూషలేము కూలిన ముప్పై ఐదేళ్లలోపే బబులోను రాజు నబోనిదస్ దండు ఈ దారిన వచ్చింది. సెల అనే చోట కొండ మీద చెక్కిన రాజు బొమ్మ అతనిదేనని పండితులు అంటారు. ఎదోమీయులు యూదా దక్షిణానికి జరిగి ఇదూమయ వాళ్లయ్యారు. క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ వాళ్లకు బలవంతంగా సున్నతి చేయించి యూదుల్లో కలిపాడు. హేరోదు తండ్రి ఆ జాతివాడే. కొండల్లో మనుషులు ఎప్పుడూ ఉన్నారు, ఎదోము అనే రాజ్యం మాత్రం మళ్లీ లేవలేదు. రాయి మీద రాయి లేదు, పక్షి కూడా ఎగరదు అని చెప్పారో, ఫోన్‌లో ఫొటో తీసి చూపిస్తారు, పాఠం అక్కడే ఆగిపోతుంది.

బోయిన్‌పల్లి_సిస్టర్

మలాకీ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ ‘ద్వేషించాను’ అన్న హీబ్రూ క్రియే ఆదికాండము 29:31లో లేయా విషయంలో ఉంది, కానీ ముందు వచనం యాకోబు రాహేలును లేయా కంటే ఎక్కువగా ప్రేమించాడంటుంది. ఒకరిని ఎంచుకొని ఇంకొకరిని పక్కన పెట్టే మాట అది. పగ సాధించే మాటకు 35:5లో వేరే పదం. పైగా ద్వితీయోపదేశకాండము 23:7-8 ఎదోమీయుణ్ని అసహ్యించుకోవద్దు, సహోదరుడు అంటుంది, మూడో తరంవాళ్లకు సమాజంలో చోటిస్తుంది.

ఇక 40 నిమిషాలు. ఆదికాండము 25 నుంచి మొదలుపెట్టొద్దు, ఏశావు జ్యేష్ఠత్వం అమ్ముకున్న కూర కథకే ఇరవై నిమిషాలు పోతాయి! 27:41, 33:4 రెండే చదివించండి, 5 నిమిషాలు. ఏశావు పరుగెత్తి తమ్ముణ్ని కౌగిలించుకున్నాడు, పగ మోసింది అతని సంతానం. సంఖ్యాకాండము 20కి 5, యెహెజ్కేలుకు 15, ఓబద్యాకు 10, ప్రార్థనకు 5.

ఎదోము అంటే ఫలానా మతంవాళ్లు, ఫలానా దేశం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అక్కడే ఆపండి, 36:17-18 చదివించండి. ఒలికించిన రక్తం మీద అదే దేవుడు ఇశ్రాయేలునే నిలదీస్తున్నాడు. ప్లాటు హద్దు కోసం అన్నదమ్ములు పదేళ్లు మాట్లాడుకోని ఉదాహరణ చాలు, ఎవరి పేరూ ఎత్తకుండా.

కుదిరితే తర్వాతి వారం 36:1-15 పెట్టండి. 35లో మాట శేయీరు కొండతో, 36లో ఇశ్రాయేలు పర్వతాలతో. రెండూ జంట, మధ్యలో అధ్యాయం అంకె పడటంతో మనవాళ్లు విడదీసి చదువుతారు.