క్వార్కులతో మాటలాట: రూల్స్ ఎలా పెట్టాలి?

ప్రశ్న: ఒక్కో అక్షరం ఒక క్వార్కు (ప్రోటాన్, న్యూట్రాన్లలో ఉండే మూలకణం). క్వార్కులకి చెప్పే మూడు రంగులు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, కలిసి తెలుపైతేనే మూడక్షరాల మాట చెల్లాలి. నలుగురు ఆడాలి. కార్డులు ఎన్ని, ఎలా పంచాలి?

జవాబు 1: 72 చాలు. 18 హల్లులు, ఒక్కోటి మూడు రంగుల్లో, 54. పైగా క, త, న, ప, ర, ల నల్ల అంచుతో మూడేసి, 18. ఇవి ప్రతిక్వార్కులు (క్వార్కులకి వ్యతిరేక జోడీలు). గుణింతం ఆడేవాళ్ళ ఇష్టం, ఒత్తులు మాత్రం వద్దు (రెండు రౌండ్లకే కొట్టుకుంటారు). మనిషికి ఏడు. ప్రతి హల్లూ మూడు రంగుల్లోనూ ఉండి తీరాలి, లేకపోతే 'నటన' పడదు. రెండక్షరాల మాటకి ఒక మామూలు కార్డు, అదే రంగు నల్లంచుది ఒకటి. అది మెసాన్ (క్వార్కు, ప్రతిక్వార్కు జంట). చేతిలో ఒక్క కార్డే మిగిలితే గెలుపు కాదు, ఇంకో రెండు తీయాలి. ఒంటరి క్వార్కు ఎక్కడా బతకదు మరి!

జవాబు 2: క్షయం (ఒక కణం ఇంకో కణంగా మారడం) కూడా పెట్టండి. 'పలక'లో ల తీసి డ వేస్తే 'పడక'. వేసే కార్డు తీసినదాని రంగే కావాలి, బీటా క్షయంలో (న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారేటప్పుడు) మారేది క్వార్కు రకమే, రంగు కాదు. అందరూ తప్పేది ఇక్కడే. గడువు 88 సెకన్లు. విడి న్యూట్రాన్ సగటు ఆయుష్షు దాదాపు 880, అంత ఓపిక ఎవరికి?

జవాబు 3: 'తల' మీద ఎవరైనా 'లత' వేస్తే రెండూ మాయం, చెరో టోకెన్. కణం, దాని ప్రతికణం కలిస్తే రెండూ పోయి ఫోటాన్లు (కాంతి కణాలు) వస్తాయి, టోకెన్లు అవే. ఒక్క ఫోటానే వస్తే ద్రవ్యవేగం (మొమెంటం) లెక్క కుదరదు. దీన్ని రెండక్షరాలకే ఉంచండి, ఎదుటి మాటకి సరిపడే మూడు నల్లంచు కార్డులు ఒకే చేతిలో పడటం అరుదు.