‘షి ఈజ్ బ్యూటిఫుల్లీ’ అని రాసే పిల్లలకు యాడ్వెర్బులు ఎలా నేర్పాలి?

ప్రశ్న (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, పశ్చిమ గోదావరి జిల్లా)

అందరికీ నమస్కారం. నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో 4, 5 తరగతులకు ఇంగ్లీషు బోధిస్తున్నాను. మా పిల్లల ఇళ్ళలో ఇంగ్లీషు వినిపించదు. తరగతి గదిలో విన్నంతే వారికి ఆ భాష. నామవాచకాలు, క్రియలు చక్కగానే పట్టుకున్నారు గాని, యాడ్వెర్బుల (పని ఎలా, ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చెప్పే మాటల) దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఎదురైంది. తెలుగు మాట చివర ‘గా’ ఉంటే ఇంగ్లీషు మాట చివర ‘ఎల్‌వై’ చేర్చాలన్న సూత్రం పై తరగతుల పిల్లల ద్వారానో, గైడు పుస్తకాల ద్వారానో వీరికి ముందే చేరిపోయింది. ‘మెల్లగా’ అంటే ‘స్లోలీ’, ‘గట్టిగా’ అంటే ‘లౌడ్లీ’ అన్నంతవరకు ఆ సూత్రంతో ఇబ్బంది లేదు. కానీ ఈ వారం నోటుపుస్తకాలు దిద్దుతుంటే ‘షి ఈజ్ బ్యూటిఫుల్లీ’, ‘ది టీ ఈజ్ హాట్లీ’, ‘హి రన్స్ ఫాస్ట్లీ’ వంటి వాక్యాలు సగం తరగతి పుస్తకాల్లో కనిపించాయి. ఎర్రసిరాతో కొట్టివేయడం తేలికే. అది ఎందుకు తప్పో తొమ్మిది, పదేళ్ళ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం ఎలాగో అనుభవజ్ఞులు సూచించగలరు. ‘క్రియను విశేషించునది క్రియావిశేషణము’ అని బట్టీ పట్టించడం వల్ల ఈ తప్పు పోతుందన్న నమ్మకం నాకు లేదు.

సమాధానం 1 (ఉన్నత పాఠశాల ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, ఖమ్మం)

మేడమ్ గారూ, మీ పిల్లలు తెలివితక్కువతనం వల్ల అలా రాయడం లేదు; వారు తెలుగు వ్యాకరణాన్ని నిక్కచ్చిగా పాటిస్తున్నారు. మన ‘గా’ ఒక్కటే ఇంగ్లీషులో వేరువేరుగా జరిగే పనులను చేస్తుంది. ‘అమ్మాయి అందంగా పాడింది’ అన్నప్పుడు పాడడం ఎలా ఉందో చెబుతుంది. ‘అమ్మాయి అందంగా ఉంది’ అన్నప్పుడు అమ్మాయి ఎలా ఉందో చెబుతుంది. ‘ఆమె డాక్టరుగా పనిచేస్తోంది’ అన్నప్పుడు ఆమె ఏ హోదాలో ఉందో చెబుతుంది. ‘అవు’ అనే క్రియ నుంచే ఈ ‘గా’ వచ్చిందని గుర్తుచేసుకుంటే, అది ఇన్నిచోట్ల ఎందుకు ఇముడుతుందో మనకు బోధపడుతుంది. పిల్లలకు ఆ చరిత్ర చెప్పనక్కరలేదు గాని, బోధించే మనకు తెలిసి ఉండాలి.

కాబట్టి మాట చివరను చూడడం మాన్పించి, వాక్యంలోని క్రియను చూడడం అలవాటు చేయండి. నేను 6వ తరగతిలో చేరిన పిల్లలకు ఒకే తెలుగు మాట ఉన్న రెండు వాక్యాలను నల్లబల్ల మీద పక్కపక్కన రాస్తాను: ‘గది నిశ్శబ్దంగా ఉంది’, ‘పిల్లలు నిశ్శబ్దంగా కూర్చున్నారు’. మొదటి వాక్యంలో ఎవరైనా ఏదైనా పని చేస్తున్నారా అని అడుగుతాను. లేదంటారు; గది ఊరికే ఉంది. అంటే ‘నిశ్శబ్దంగా’ అనే మాట గదిని గురించి చెబుతోంది కనుక ‘ది రూమ్ ఈజ్ క్వయట్’. రెండో వాక్యంలో కూర్చోవడం అనే పని ఉంది, ఆ పని ఎలా జరిగిందో అదే మాట చెబుతోంది కనుక ‘ది చిల్డ్రన్ శాట్ క్వయట్లీ’. ‘టీ వేడిగా ఉంది’, ‘దారి ఇరుకుగా ఉంది’, ‘అక్క కోపంగా ఉంది’, ‘అక్క కోపంగా మాట్లాడింది’ అంటూ నోటితోనే చాలాసేపు సాధన చేయించి, పుస్తకంలో రాయడం మర్నాటికి వాయిదా వేస్తాను. ఏ వాక్యంలో పని ఉందో, ఏ వాక్యంలో ఊరికే ఉండడమే ఉందో తేల్చడం వారికి ఒక ఆటలా మారిపోతుంది.

‘లుక్స్ హ్యాపీ’, ‘స్మెల్స్ గుడ్’ వంటివి ఈ పద్ధతికి లొంగవు. వాటిని ఉన్నత పాఠశాలకు వదిలేయండి, మేము చూసుకుంటాము. ‘ఫాస్ట్’ విషయానికి వస్తే, ఫాస్ట్, హార్డ్, లేట్, ఎర్లీ అనే నాలుగింటికీ రూపం మారదని గోడ మీద చార్టు రాసి ఉంచడమే మంచిది. ‘హార్డ్లీ’ అనే మాట విడిగా ఉంది గాని దాని అర్థం దాదాపు తలకిందులు: ‘హి వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడి పనిచేస్తాడని, ‘హి హార్డ్లీ వర్క్స్’ అంటే పనే సరిగా చేయడని. ప్రాథమిక స్థాయిలో దాని జోలికి పోవద్దు.

సమాధానం 2 (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, చిత్తూరు జిల్లా)

పై మాస్టారి విశ్లేషణతో ఏకీభవిస్తాను గాని, 4వ తరగతిలో నల్లబల్ల కంటే ముందు ఒళ్ళు కదలాలని నా గట్టి అభిప్రాయం. 1960లలో అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ ప్రతిపాదించిన పద్ధతిలో ఆజ్ఞను విని శరీరంతో చేసి చూపడమే భాషాభ్యాసానికి తొలి మెట్టు. యాడ్వెర్బులకు అది అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే నడవడం అదే అయినా నడిచే తీరు మారడాన్ని పిల్లలు కళ్ళారా చూస్తారు.

ఇంగ్లీషువారి ఇళ్ళలో పాతకాలం నుంచి ఆడే ఆట ఒకటి ఉంది. ఒక పిల్లవాడిని వరండాలోకి పంపి, మిగిలినవారు ‘స్లోలీ’ అనో, ‘యాంగ్రిలీ’ అనో ఒక మాట రహస్యంగా అనుకోవాలి. అతడు లోపలికి వచ్చి ‘తలుపు మూయి’, ‘పేరు రాయి’ అని ఒక్కొక్కరికీ ఇంగ్లీషులో పని చెబితే, వారు ఆ పనిని అనుకున్న తీరులోనే చేయాలి. దాన్ని చూసి అతడు మాటను కనిపెట్టాలి. మా తరగతిలో నోరు విప్పని పాప ఒకతె ‘స్లీపిలీ’ అన్న మాటకు ఆవలిస్తూ, బల్ల పట్టుకుని తూలుతూ, సుద్దముక్క జారవిడుస్తూ పేరు రాసిన తీరుకు తరగతంతా ఒక్కసారిగా మాట చెప్పేసింది. ఈ ఆటలో ప్రతి మాటా ఒక పనికి అంటుకునే వస్తుంది కనుక ‘షి ఈజ్ స్లీపిలీ’ అనే వాక్యం పుట్టే అవకాశం తగ్గుతుంది. గబగబా, చకచకా, తడబడుతూ వంటి మన మాటలతో ముందు తెలుగులో ఆడించి, తరువాత ఇంగ్లీషులోకి తీసుకువెళ్ళండి.

సమాధానం 3 (విశ్రాంత ఇంగ్లీషు ఉపన్యాసకుడు, విజయనగరం)

ఇద్దరూ మాట రూపాన్ని గురించి చెప్పారు. దాని స్థానాన్ని గురించి కూడా ఒకటి చెప్పాలి. ‘రవి నిన్న బడిలో చక్కగా పాడాడు’ అనే వాక్యాన్ని చూడండి. ‘రవి’ని కదపకుండా మిగిలిన నాలుగు మాటలను చివరి నుంచి వెనక్కి చదివితే పాడాడు, చక్కగా, బడిలో, నిన్న అని వస్తుంది; ఇంగ్లీషులో సహజమైన వరుస సరిగ్గా అదే: ‘రవి శాంగ్ బ్యూటిఫుల్లీ ఎట్ స్కూల్ ఎస్టర్‌డే’. ఐదుగురు పిల్లల చేతికి ఒకవైపు తెలుగు మాట, మరోవైపు దాని ఇంగ్లీషు రాసిన ఐదు అట్టముక్కలిచ్చి తెలుగు వరుసలో నిలబెట్టండి. రవి తప్ప మిగిలిన నలుగురినీ ఎదురు వరుసలోకి మారమని చెప్పి, అట్టలను ఇంగ్లీషు వైపు తిప్పిస్తే వాక్యం వారి కళ్ళముందే తయారవుతుంది. ‘ఎస్టర్‌డే’ వాక్యం మొదట్లో కూడా రావచ్చు గాని, ‘ఐ ఎస్టర్‌డే వెంట్’ అనే అలవాటు పోయేవరకు ఆ సంగతి ఎత్తకండి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. ‘నిశ్శబ్దంగా’ జంటతో సోమవారం మొదలుపెట్టి, వెంటనే ఆట ఆడిస్తాను. ఇంకొక సందేహం ఉంది. ‘ఆల్వేస్’, ‘నెవర్’ పాఠ్యపుస్తకంలో ఉన్నాయి కనుక వదిలేయలేను. పిల్లలు ‘హి నెవర్ డస్ నాట్ కమ్’ అని రాస్తున్నారు. దీనిని ఎలా సరిచేయాలి?

సమాధానం 1 ఇచ్చిన ఉపాధ్యాయుడు

అది కూడా తెలుగు నుంచే వస్తోంది, మేడమ్ గారూ. మనకు ‘ఎప్పుడూ వస్తాడు’, ‘ఎప్పుడూ రాడు’ అనే రెండింటిలోనూ ‘ఎప్పుడూ’ మారదు, కాదనడమంతా క్రియలోనే ఉంటుంది. ఇంగ్లీషులో కాదనే పనిని ‘నెవర్’ తానే చేస్తుంది కనుక క్రియను కాదనకుండా మామూలుగా వదిలేయాలి: ‘హి ఆల్వేస్ కమ్స్’, ‘హి నెవర్ కమ్స్’. రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి రాసి, మారిన ఒక్క మాట కింద గీత గీయించండి. ఈ మాటలు ‘కమ్స్’ వంటి క్రియకు ముందు, ‘ఈజ్’, ‘ఆర్’ వంటివాటికి తరువాత వస్తాయని (‘హి ఈజ్ ఆల్వేస్ లేట్’) మరుసటి వారం చెప్పండి. రెండూ ఒకేరోజు చెబితే కలగాపులగం అవుతుంది.