ఒకే మెంబర్‌లో ఎడమ నుంచి టెన్షన్, కుడి నుంచి కంప్రెషన్ వస్తోంది, ఎక్కడ తప్పాను?

పొద్దున్నుంచి ఒకే ట్రస్ (కడ్డీలతో కట్టిన ఫ్రేమ్) లెక్క దగ్గర ఆగిపోయాను, కాస్త చూసి చెప్పగలరా? ఒక్కో మెంబర్‌లో (కడ్డీలో) ఉన్నది టెన్షనా (లాగే బలం), కంప్రెషనా (నొక్కే బలం), ఎంత అని కనుక్కోవాలి.

12 మీటర్ల ప్రాట్ ట్రస్, ఎత్తు 4 మీటర్లు, నాలుగు సమాన ప్యానెళ్లు. కింది జాయింట్లు ఎడమ నుంచి వరసగా ఏ, బి, సి, డి, ఈ. పైన ఎఫ్, జి, హెచ్ (ఎఫ్ సరిగ్గా బి మీద ఉంటుంది). బి, సి, డి దగ్గర 20 కిలోన్యూటన్ల చొప్పున లోడ్. రెండు చివర్లా, అంటే ఏ, ఈ సపోర్టుల దగ్గర, రియాక్షన్ (పైకి మోసే బలం) 30 కిలోన్యూటన్ల చొప్పున.

బి, సి మధ్య నిలువుగా కోసినట్టు ఊహించుకుని ట్రస్‌ని రెండు ముక్కలు చేశాను. ఎఫ్‌జి, ఎఫ్‌సి, బిసి తెగాయి. సి చుట్టూ మొమెంట్ (బలాలు తిప్పే ప్రభావం) తీసుకుంటే ఎఫ్‌జిలో 30 కంప్రెషన్, ఎటు నుంచి చేసినా అంతే. ఇక్కడిదాకా హాయిగానే ఉంది.

చిక్కంతా ఏటవాలు మెంబర్ ఎఫ్‌సితోనే. ఎడమ ముక్కలో 30 − 20 = 10, దాన్ని 4/5తో (ఎఫ్‌సి ఎత్తు 4, పొడవు 5 మీటర్లు) భాగిస్తే 12.5 టెన్షన్. కుడి ముక్కలోనూ అచ్చం అదే 30 − 20, కానీ 12.5 కంప్రెషన్ అంటోంది! గుర్తులు మూడుసార్లు సరిచూసుకున్నా. కుడివైపు డి లోడ్ ఒక్కటే వేశాను. సి జాయింట్ కోత అంచునే ఉంది కదా అని దాని 20 వదిలేశాను. తప్పు అక్కడేనా? అదే అయితే ఎఫ్‌జి మాత్రం రెండువైపులా ఎలా సరిపోయింది?

ఇంకో అనుమానం, నవ్వకండి: ఎడమ ముక్కలో సి లేనే లేదు. లేని జాయింట్ చుట్టూ మొమెంట్ తీయడం ఎలా చెల్లుతుంది?