తట్టు టీకా: టీవీ చూసి పరుగెత్తాలా, ఏడాది నిండేదాకా ఆగొచ్చా?

పర్లాకిమిడి నాన్న:
మా పాపకి తొమ్మిది నెలలు నిండాయి. ఎంఆర్ టీకా, అదే తట్టుకీ రుబెల్లాకీ కలిపి వేసేది, ఇప్పుడే వేయించాలా లేక ఏడాది దాటాక ప్రైవేటులో ఎంఎంఆర్, అంటే గవదబిళ్ళలకి కూడా కలిపింది, వేయించాలా అని ఇంట్లో రోజూ గొడవే. మా అత్తగారిది పాతపట్నం. ఏ ఛానల్ పెట్టినా ఒళ్ళంతా దద్దుర్లతో ఉన్న పిల్లల్నే చూపిస్తున్నారని ఆవిడ ఫోన్ మీద ఫోన్ చేసి తొందరపెడుతున్నారు. మా నాన్నగారేమో "మా కాలంలో అందరికీ పోసింది, వేపమండలు పెట్టి ఇంట్లో ఉంచితే వారంలో తగ్గింది, ఎవరు చచ్చారు" అంటారు. నా టెన్షన్ వేరే. పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్, అదే అయిదు రోగాలకి కలిపి వేసే టీకా, వేయించిన రాత్రి పాపకి ఒకటే జ్వరం, ఏడుపు ఆపలేకపోయాం. పైగా అదే ఛానల్ సాయంత్రం తట్టు విజృంభణ అంటుంది, రాత్రికి "టీకా వికటించి" అని ఇంకో వార్త వేస్తుంది, తర్వాత విచారణలో ఏం తేలిందో మాత్రం చెప్పదు. తెలిసినవాళ్ళు రాయండి, వాదించుకున్నా పర్వాలేదు.

గుణుపురం కోడలు:
ఆగండనే నేనంటాను అన్నయ్యగారూ. టీకాలే వద్దనే మనిషిని కాను, మా బాబుకి బీసీజీ, పోలియో చుక్కలు, పెంటా అన్నీ వేయించాను. వార్తల్లో వచ్చిందని పరుగెత్తడమే నాకు నచ్చదు. 2016లో మన ఒడిశాలోనే మల్కన్‌గిరిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. వందమందికి పైగా పిల్లలు పోయారు. మొదట దోమలన్నారు, పందులన్నారు, మెదడువాపన్నారు. ఆ తర్వాత నిపుణులొచ్చి కసివింద గింజలు తినడం వల్ల కూడా అన్నారు. మరి అంతవరకూ టీవీ చెప్పిందే నమ్మినవాళ్ళ సంగతేంటి? 2018లో గాజియాబాద్ కంపెనీ పోలియో చుక్కల్లో ఉండకూడని టైప్ 2 వైరస్ దొరికింది, అదీ ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణల్లో పిల్లలకి వేసేశాక. 2022 జనవరిలో బెళగావి జిల్లాలో ఇదే ఎంఆర్ టీకా వేయించుకున్న ముగ్గురు పసివాళ్ళు చనిపోయారు. ఇవేవీ వాట్సాప్ పుకార్లు కావు. ఇవన్నీ తెలిసిన తల్లి రెండు మూడు నెలలు ఆగుదామంటే చదువులేనిదాన్ని చూసినట్టు చూస్తారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

మోటు మాస్టారు:
అమ్మా, మల్కన్‌గిరి మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను, మాది ఆ జిల్లానే. ఆ ఏడాది పిల్లలు పోయింది ఒక్క కారణంతో కాదు. కొందరికి పరీక్షల్లో జపనీస్ మెదడువాపు ఉన్నట్టు తేలింది. మరికొందరిలో ఆ ఆనవాలు లేదు, రోగం నడిచిన తీరు కూడా వేరు. వైరస్‌ల నిపుణుడు డాక్టర్ జాకబ్ జాన్ బృందం వచ్చి చూసి, దానికి కారణం కసివింద గింజల విషమని చెప్పింది. ఒడియాలో బొణొ చకుండా అంటారు, వానలు పడితే దారి పక్కనంతా మొలుస్తుంది, ఆకలితో ఉన్న పిల్లలు కాయలు వలుచుకుని తింటారు. దానికి టీకా లేదు, మొక్క పీకేయడం, పిల్లలకి చెప్పుకోవడం, కడుపు నిండా తిండి పెట్టడం తప్ప. మెదడువాపు సంగతి అలా కాదు. వరిమడుల్లో పెరిగే క్యూలెక్స్ దోమ పందుల నుంచి, కొంగల నుంచి తెచ్చి పిల్లలకి అంటిస్తుంది. దానికి టీకా ఉంది. దేశంలో వేరే జిల్లాల్లో 2006 నుంచే వేస్తున్నారు. మా దగ్గర పెద్ద ఎత్తున మొదలైంది 2016 చివర్లో, పిల్లల్ని పూడ్చుకున్నాక. కసివింద సంగతి బయటపడిందని మెదడువాపు అబద్ధమైపోలేదు. టీవీ తొందరపెట్టిందని మీ బాధ. మా ఊళ్ళకి కెమెరాలు వచ్చేసరికే ఆలస్యమైపోయింది, నా బాధ అది.

బరంపురం 26:
మరి ఎంఎంఆర్ వేయిస్తే ఆటిజం వస్తుందంటారు కదా? మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అదే అంటున్నారు.

జయపూర్ అన్న:
ఆ మాట పుట్టింది 1998లో, లాన్సెట్ పత్రికలో పన్నెండు మంది పిల్లల మీద వచ్చిన ఒక వ్యాసం నుంచి. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల లెక్కలు చూస్తే సంబంధమే కనబడలేదు. దాన్ని పక్కన పెట్టొచ్చు.

నాన్నగారు "ఎవరు చచ్చారు" అన్నారన్నారు కదా, దానికి జవాబు చెప్పాలనుంది. తట్టుకి 1963లో టీకా వచ్చింది. అంతకుముందు ప్రపంచంలో ఏటా సుమారు 26 లక్షల మంది దీనితో పోయేవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ప్రభుత్వ కార్యక్రమంలో ఇది చేరింది 1985లో. అంటే ఆయన చిన్నతనంలో ఇక్కడ టీకా లేదు. మా నాయనమ్మ కన్నవాళ్ళలో సగం మందే బతికారు, "అమ్మవారు తీసుకుపోయింది" అనేది, అంతకు మించి చెప్పేది కాదు. ఆయన ఇంటిలోనో పక్కింట్లోనో కూడా ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు, ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

2022లో ముంబై గోవండీలో తట్టు వచ్చినప్పుడూ ఛానళ్ళు ఇలాగే అరిచాయి. అరుపు తీసేస్తే మిగిలేది ఇది: కోవిడ్ రెండేళ్ళలో చాలామంది పిల్లలకి డోసులు తప్పాయి, ఇరుకు బస్తీల్లో రోగం అంటుకుంది, పిల్లలు చనిపోయారు, కేసులున్న చోట తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ళ పిల్లలకి అదనపు డోసు వేయమని కేంద్రం చెప్పింది. తట్టు ఉన్న పిల్లాడు గది వదిలి వెళ్ళిపోయినా రెండు గంటల దాకా వైరస్ ఆ గాలిలో ఉంటుంది. రక్షణ లేనివాళ్ళు పదిమంది దగ్గరగా మసిలితే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. దద్దురు పైకి రాకముందు నాలుగు రోజుల నుంచే అంటిస్తాడు. మన జనం హైదరాబాదు, చెన్నై, కేరళ పనికి పోయి పండక్కి రైలెక్కి వస్తారు. ముంబై వార్త మనది కాదనుకుంటే ఎలా?

రాయగడ సిస్టర్:
నేను ఏఎన్ఎంని, ఊళ్ళలో టీకాలు వేసే నర్సుని. బెళగావి విషయం చెల్లి సరిగ్గానే చెప్పింది, దాన్ని దాచిపెట్టి టీకా వేయించండి అనడం నాకిష్టం లేదు. ప్రాథమిక విచారణలో తేలింది మాత్రం టీకాని నిల్వ చేసిన, వాడిన తీరులో తప్పని. ఎంఆర్ పొడి రూపంలో వస్తుంది, దానికి వేరే ద్రవం కలుపుతాం. కలిపాక నాలుగు గంటల్లోపు వాడాలి, మిగిలితే పారేయాలి. అంతకు మించి ఉంచితే అందులో బాక్టీరియా పెరిగి పిల్లల ప్రాణం మీదకి వస్తుంది. అందుకే కలిపిన టైమ్ సీసా మీద రాస్తాం. మీరు అడగండి, చూపించమనండి. ఒక్క బిడ్డ వచ్చినా కొత్త సీసా తెరవాల్సిందే, పదిమంది పోగయ్యేదాకా ఆగమనకూడదు. వేశాక అరగంట అక్కడే కూర్చోండి, బస్సు వెళ్ళిపోతోందని లేచిపోవద్దు.

ఏడాదికి ఆగడం గురించి. పూర్తిగా తెలివితక్కువ ఆలోచనేం కాదు. తొమ్మిది నెలలకి వేస్తే సుమారు 85 శాతం మంది పిల్లల్లో రక్షణ వస్తుంది, ఏడాదికి వేస్తే 95. తల్లి నుంచి వచ్చిన రక్షణ బిడ్డలో ఇంకా కొంచెం ఉంటే టీకాని పని చేయనివ్వదు. తట్టు బాగా తగ్గిపోయిన దేశాల్లో ఏడాది దాటాకే వేస్తారు. కానీ అదే తల్లి రక్షణ ఆరు నుంచి తొమ్మిది నెలల్లో కరిగిపోతుంది, మన దగ్గర రోగం ఇంకా తిరుగుతోంది. చెల్లి ఆగుదామంటున్న ఆ రెండు మూడు నెలలూ బిడ్డకి అటు అమ్మదీ లేదు, ఇటు టీకాదీ లేదు. చిన్న బిడ్డకి వస్తే న్యుమోనియా, కళ్ళకి దెబ్బ, విటమిన్ ఏ తక్కువున్న పిల్లల్లో మరీను. కొండ ఊళ్ళలో అలాంటి పిల్లలే ఎక్కువ నాకు. మిగిలిన 15 శాతం కోసమే 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసు.

అన్నయ్యగారి జ్వరం భయానికి: పెంటా జ్వరం ఎక్కువగా అందులోని కోరింత దగ్గు భాగం వల్ల, ఒకటి రెండు రోజుల్లో వచ్చి పోతుంది. ఎంఆర్‌లో అది లేదు. దీనికి కొందరికి వారం, పది రోజుల తర్వాత కాస్త వేడి, పల్చని దద్దురు వస్తాయి. పెంటా వేయించినప్పుడు పాపకి ఫిట్స్ గానీ వచ్చి ఉంటే ముందే డాక్టరుకి చెప్పండి.

గుణుపురం కోడలు:
సిస్టర్ గారూ, సీసా మీద టైమ్ చూడమని ఇన్నిసార్లు వెళ్ళినా నాకు ఒక్కరూ చెప్పలేదు. ఏదైనా అడిగితే "వెనక లైనుంది, వేయించుకుని పదమ్మా" అంటారు. అడిగితే చెప్పేవాళ్ళు లేకే మేం టీవీ చూస్తున్నాం, అది కూడా ఒప్పుకోండి. మాస్టారు చెప్పిన మాట మాత్రం నా మనసులో పడింది. ఇంకొకటి, గవదబిళ్ళలకి కూడా కలిసొస్తుందని ఎంఎంఆర్ కోసం ఆగితే తప్పేంటి?

రాయగడ సిస్టర్:
ఒప్పుకుంటాను చెల్లీ, రద్దీలో మేం విసుక్కుంటాం, అది తప్పే. ఎంఎంఆర్ కోసమైతే ఆగాల్సిన పనే లేదు. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ పట్టికలో కూడా మొదటి ఎంఎంఆర్ తొమ్మిది నెలలకే ఉంది, తర్వాత 15 నెలలకి, మళ్ళీ నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య. ఏది వేయించినా మొదటి డోసు వయసు ఒకటే. గవదబిళ్ళల రక్షణ కూడా కావాలంటే తర్వాతి డోసుల సంగతి డాక్టరుని అడగండి.

పర్లాకిమిడి నాన్న:
బుధవారం తీసుకెళ్తున్నాను. నాన్నగారు ఒప్పుకోలేదు, అయినా తీసుకెళ్తాను. రెండో డోసు టైముకి మా ఆవిడ పాతపట్నంలో ఉండొచ్చు, ఒడిశా కార్డుతో ఆంధ్రాలో వేస్తారా?

రాయగడ సిస్టర్:
వేస్తారు. కార్డు పోగొట్టుకోకండి, బుధవారమే మీ ఫోన్ నంబరుతో యూ-విన్‌లో, అదే ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ రికార్డులో, పేరు ఎక్కించమనండి.

గుణుపురం కోడలు:
మా వాడికి పదో నెల. జలుబుతో ముక్కు కారుతోంది, జ్వరం లేదు. రావొచ్చా? వచ్చాక సీసా మీద టైమ్ చూపిస్తేనే వేయిస్తాను, లేకపోతే తిరిగొచ్చేస్తాను.

రాయగడ సిస్టర్:
మామూలు జలుబుకి ఆపక్కర్లేదు, రా చెల్లీ. చూపించకపోతే తిరిగి వెళ్ళిపోకు, అక్కడే మెడికల్ ఆఫీసరుని పిలిపించి అడుగు.