నష్టాల విమాన సంస్థలకు సర్కారు డబ్బు ఇంకా పోయాలా?

అరండల్‌పేట, గుంటూరు
ఎయిరిండియాను అమ్మేశాక మన దేశంలో ఈ గొడవ తీరిందనుకున్నాం. కానీ గన్నవరం నుంచి కొత్త సర్వీసు కావాలన్నప్పుడల్లా కంపెనీలు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ (రూట్‌లో వచ్చే నష్టాన్ని పూడ్చే సర్కారు సాయం) అడుగుతున్నాయి. మునిగే సంస్థను ఆదుకోవడం, ఇదీ ఒకటేనా? అసలు ప్రభుత్వం డబ్బు పెట్టాలా? లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

ఖాతాపుస్తకం, విజయవాడ
జబ్బేంటో చూడకుండా మందు పోస్తే ఏమవుతుందో ఎయిరిండియాలో చూశాం అండీ. 2005-06లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిపి 111 విమానాలకు ఆర్డరిచ్చాయి, దాదాపు అంతా అప్పు మీదే. 2011లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టిందీ దీన్నే. 2007లో రెండు సంస్థలనూ కలిపేశారు. ఒకదాంట్లో ఎక్కువగా బోయింగ్‌లు, ఇంకోదాంట్లో ఎయిర్‌బస్‌లు. బోయింగ్ పైలట్‌ను మళ్లీ ట్రైనింగ్ ఇవ్వకుండా ఎయిర్‌బస్‌లో కూర్చోబెట్టడం కుదరదు. ఇంజినీర్ల లైసెన్సులు, స్పేర్ల స్టోర్లు కూడా అంతే, అన్నీ రెండేసి. జీతాల స్కేళ్లు కూడా వేరు. ఇక ఆదా ఎక్కడ?

2012లో కేంద్రం సుమారు 30,000 కోట్లు విడతలవారీగా ఇవ్వడానికి ఒప్పుకుంది. అయినా 2021 ఆగస్టు చివరికి అప్పు 61,562 కోట్లు. టాటాలు ఇచ్చిన ధర 18,000 కోట్లు. అందులో 15,300 కోట్లు అప్పును తమ మీద వేసుకోవడమే, ప్రభుత్వం చేతికొచ్చిన నగదు 2,700 కోట్లు. మిగిలిన 46,262 కోట్ల అప్పు ప్రభుత్వ సంస్థకే బదిలీ అయింది, అంటే మన నెత్తినే. 2018లో అమ్మకానికి పెట్టినప్పుడు ఒక్క బిడ్డూ రాలేదు. 2021లో టాటాలకు అమ్మేదాకా ఆ మూడేళ్లూ నష్టం నడుస్తూనే ఉంది.

రన్‌వే 26, గన్నవరం
అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దండీ. 2020లో కోవిడ్‌తో విమానాలు నేల మీద నిలిచిపోయినప్పుడు తమ దేశపు విమాన సంస్థ లుఫ్తాన్సాకు జర్మనీ 900 కోట్ల యూరోల ప్యాకేజీ ఇచ్చింది. దాని షరతులు చూడండి. వడ్డీ 4 శాతంతో మొదలై 2027 నాటికి 9.5 దాకా పెరిగేలా పెట్టారు, కాబట్టి ఆలస్యం చేస్తే కంపెనీకే నష్టం. వాటాదార్లకు డివిడెండ్ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్‌లలో కొన్ని స్లాట్లు (విమానం దిగి ఎగరడానికి కేటాయించిన సమయాలు) పోటీ సంస్థలకు వదులుకోవాలి. 2021 నవంబరుకే తీసుకున్నదంతా కట్టేశారు, ప్యాకేజీలో భాగంగా కంపెనీలో తీసుకున్న వాటాను 2022లో ప్రభుత్వం లాభానికి అమ్ముకుంది. అదే ఇటలీలో 2017లో అలిటాలియా విమాన సంస్థకు ప్రభుత్వం ఇచ్చిన 90 కోట్ల యూరోల అప్పు చట్టవిరుద్ధమని యూరోపియన్ కమిషన్ తేల్చింది. 2021 అక్టోబరులో ఆ సంస్థే మూతపడింది. తుఫానులో చిక్కిన పడవను ఒడ్డుకు లాగొచ్చు, చిల్లున్న పడవలో నీళ్లు తోడుతూ ఎన్నాళ్లు కూర్చుంటాం?

ఖాతాపుస్తకం, విజయవాడ
ఒప్పుకుంటాను. గన్నవరం సంగతికొస్తే, అక్కడ ఇచ్చేది కంపెనీకి కాదు, రూట్‌కు. ట్రిప్పుకు ఇంత రాబడి అని రాసుకుంటారు, టికెట్ల డబ్బు అంతకు తగ్గితే తేడా ప్రభుత్వం కడుతుంది. 2018 డిసెంబరులో మొదలైన విజయవాడ-సింగపూర్ సర్వీసు అలా నడిచిందే. మద్దతు ఆగాక 2019లో సర్వీసూ ఆగింది. ఖాళీ సీటుకూ డబ్బు వస్తుంటే సీటు నింపే తొందర కంపెనీకి ఉండదు, చిక్కంతా అక్కడే. అందుకే తేడా మొత్తం కాకుండా కొంతే కట్టాలి, అదీ ఏటా తగ్గాలి. చిన్న ఊళ్లకు విమానాల కోసం కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకంలో ఈ సాయానికి మూడేళ్ల గడువు పెట్టారు. గడువు మంచిదే, కానీ అందులోపు ప్రయాణికులు అలవాటు పడకపోతే విమానం వేరే రూట్‌కు పోతుంది.

అరండల్‌పేట, గుంటూరు
మరి ఆదుకోకుండా వదిలేస్తే ముందే టికెట్ కొన్నవాళ్ల గతేంటి?

రన్‌వే 26, గన్నవరం
దివాలా ప్రక్రియలో టికెట్ డబ్బుకు తాకట్టేమీ ఉండదు, బ్యాంకుల తర్వాతే. 2023 మేలో గో ఫస్ట్ విమాన సంస్థ ఆగిపోయినప్పుడు, దానికి విమానాలు లీజుకిచ్చినవాళ్లు వాటిని వెనక్కి తీసుకోవడానికే దాదాపు ఏడాది పట్టింది. క్రెడిట్ కార్డుతో కొనుంటే సర్వీసు రద్దయిందని కంపెనీ పంపిన మెయిల్ జతచేసి, బ్యాంకుకు వెంటనే చార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే అర్జీ) పెట్టండి. దానికి గడువుంటుంది, కంపెనీ రీఫండ్ ఇస్తుందని ఎదురుచూస్తూ ఆ గడువు దాటించుకోవద్దు. నా దృష్టిలో ప్రభుత్వం కాపాడాల్సింది ముందు ఈ డబ్బును. ప్రయాణం అయ్యేదాకా టికెట్ సొమ్ము వేరే ఖాతాలో ఉంచాలని నిబంధన పెడితే చాలు.