కోర్సికాలో సైకిలు యాత్ర: తీరం వెంటనా, కనుమల మీదుగానా?

ప్రశ్న

రానున్న సెప్టెంబరులో ఫ్రాన్సుకు చెందిన కోర్సికా ద్వీపంలో సామాను కట్టుకుని సైకిలు యాత్ర చేయాలని అనుకుంటున్నాను. నీస్ రేవులో ఫెర్రీ ఎక్కి బాస్టియాలో దిగి, తెగీమె కనుమ దాటి సెయింట్ ఫ్లోరెంట్ చేరి, అక్కడి నుంచి కాల్వీ, గలేరియా, పోర్తో, పియానాల మీదుగా పడమటి తీరం వెంట అజాక్సియోకు వెళ్ళాలన్నది నా ఆలోచన. ద్వీపం నడుమ ఉన్న పర్వతాల జోలికి పోకుండా తీరాన్నే పట్టుకుంటే రోజుకు 80 కిలోమీటర్లు తేలిగ్గా సాగుతాయని లెక్క వేసుకున్నాను. అయితే నాతో వస్తున్న మిత్రుడు పోర్తో దగ్గర సముద్రాన్ని విడిచి, ఎవిసా మీదుగా వెర్జియో కనుమ ఎక్కి, అవతలి వైపు కోర్తె పట్టణానికి దిగుదామని పట్టుబడుతున్నాడు. ఆ కనుమ ఎత్తు 1,478 మీటర్లు. ఎక్కడం మొదలయ్యేది సముద్రమట్టం నుంచే.

మనిషి, సైకిలు, సామాను కలిపి ఒక్కొక్కరి బరువు సుమారు 100 కిలోలు ఉంటుంది. ముందు, అంటే పెడళ్ళ దగ్గర, చిన్న చైన్‌రింగుకు (పళ్ళ చక్రానికి) 34 పళ్ళు, వెనుక క్యాసెట్‌లో (వెనుక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల గుత్తిలో) అన్నిటికంటే పెద్దదానికి 28 పళ్ళు ఉన్నాయి. ఈ గేర్లతో ఆ ఘాట్ రోడ్డు ఎక్కగలమా, లేక తీరపు దారికే పరిమితం కావడం మంచిదా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి జవాబు

తీరం వెంట దారి అంటే చదునుగా ఉంటుందన్న ఊహ మీదనే మీ లెక్క అంతా నిలబడి ఉంది. కోర్సికా తూర్పు తీరానికైతే ఆ ఊహ చెల్లుతుంది. అక్కడ మైదానం ఉంది, దానితోపాటు వాహనాల రద్దీ కూడా ఉంది. పడమటి తీరంలో మాత్రం కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయి కనుక, రోడ్డు ఒక అఖాతం అంచు నుంచి ఇంకో అఖాతం అంచుకు పోవాలంటే మధ్యలో ఉన్న కొండ భుజం ఎక్కి దిగవలసిందే. కాల్వీ నుంచి లోపలి రోడ్డు పట్టుకుంటే మొదట 443 మీటర్ల మార్సోలినో కనుమ వస్తుంది, గలేరియా దగ్గర మళ్ళీ సముద్రమట్టానికి దిగిన తరువాత 408 మీటర్ల పాల్మరెల్లా కనుమ, ఆ పైన 269 మీటర్ల లా క్రువా కనుమ వస్తాయి. పోర్తోలో దిగి ఊపిరి పీల్చుకునేలోపే పియానా గ్రామానికి ఇంచుమించు 430 మీటర్లు ఎక్కవలసి ఉంటుంది. వీటన్నిటినీ ఒకే రోజు పెట్టుకుంటే, ఎక్కిన ఎత్తు మొత్తం వెర్జియోకు పెద్దగా తీసిపోదు.

పైగా ఆ ఎత్తు ఒక్కసారిగా కాకుండా ముక్కలు ముక్కలుగా వస్తుంది. వెర్జియో దారి పోర్తో నుంచి సుమారు 34 కిలోమీటర్ల పొడవు. సగటు వాలు నాలుగున్నర శాతానికి మించదు. ఒక లయ దొరికిందంటే అందులోనే ఉండిపోవచ్చు. ఎవిసా దాటాక ఐతోన్ అడవిలో లారిసియో పైన్ చెట్ల నీడ కూడా దొరుకుతుంది. తీరపు ఎక్కుళ్ళలో ఎర్రటి బండల సెగ తప్ప నీడ అరుదు. నా దృష్టిలో మీ మిత్రుని ప్రణాళికే మీ ప్రణాళిక కంటే సుఖమైనది.

మీరు అనుకున్న దిశ మాత్రం సరైనదే. అక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి కనుక, ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్ళేవారికి సముద్రం కుడిచేతి పక్కనే ఉంటుంది. 2013లో నూరవ టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పోటీ కోర్సికాలోనే మొదలైంది. మూడవ రోజు వారు అజాక్సియో నుంచి కాల్వీకి, అంటే మీకు ఎదురు దిశలో, ఇదే తీరం మీదుగా వెళ్ళారు. అటు నుంచి వచ్చేవారికి మార్సోలినో కనుమ మూడు కిలోమీటర్లకు పైగా ఎనిమిది శాతం వాలుతో ఎదురవుతుంది. సామాను ఉన్నవారు దాన్ని దిగుడుగా పెట్టుకోవడమే మేలు.

రెండవ జవాబు

గేర్ల సంగతి లెక్క వేసి చూద్దాం. 34 పళ్ళను 28తో భాగిస్తే 1.21 వస్తుంది, అంటే పెడళ్ళు ఒకసారి తిరిగితే చక్రం 1.21 సార్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు, పెడళ్ళు నిమిషానికి 60 సార్లు తిప్పుతున్నారు అనుకుంటే మీరు సౌకర్యంగా తొక్కగల అతి తక్కువ వేగం గంటకు సుమారు 9 కిలోమీటర్లు. నాలుగున్నర శాతం వాలు మీద 100 కిలోల బరువును ఆ వేగంతో లాగడానికి దాదాపు 130 వాట్ల శక్తి కావాలి. క్రమం తప్పకుండా సైకిలు తొక్కే ఆరోగ్యవంతునికి అది గంటల తరబడి నిలుపుకోగలిగినదే. కానీ అదే గేరులో ఎనిమిది శాతం వాలు వస్తే అవసరం 215 వాట్లకు చేరుతుంది; అంత శక్తి లేనివారు పెడళ్ళను నిమిషానికి 40 సార్లకు తగ్గించి, మోకాళ్ళ మీద భారం వేసి తొక్కవలసి వస్తుంది. మొదటి జవాబులో చెప్పిన పొట్టి ఎక్కుళ్ళు మనిషిని అలసటకు గురిచేసేది ఇందుకే. అంటే మీ గేర్లు మీరు భయపడుతున్న కనుమకు చాలావరకు చాలుతాయి, మీరు తేలిక అనుకుంటున్న తీరానికే చాలవు.

ముందు 26, వెనుక 36 పళ్ళు ఉంటే ఎనిమిది శాతం వాలు మీద కూడా గంటకు ఐదున్నర కిలోమీటర్ల వేగంతో 130 వాట్లలోనే గడిచిపోతుంది. అంత మార్పు కుదరకపోతే కనీసం వెనుక 34 పళ్ళ క్యాసెట్ వేయించుకోండి. అందుకు పొడవు చేతి డిరేలర్ (గొలుసును ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) కూడా అవసరం కావచ్చు, గొలుసు పొడవు తప్పకుండా సరిచూడాలి. గేర్లు మార్చడం కన్నా సామాను నాలుగైదు కిలోలు తగ్గించడమే ముఖ్యమని కొందరు వాదిస్తారు. 100 కిలోలలో ఐదు తగ్గితే ఎక్కుడులో ఆదా అయ్యే శ్రమ ఐదు శాతమే అని గుర్తుంచుకుంటే ఆ వాదన బలం ఎంతో తెలుస్తుంది.

వెర్జియో నుంచి కోర్తె వైపు దారిలో వచ్చే సాంటా రెజీనా లోయ అడుగు దాకా వెయ్యి మీటర్లకు పైగా దిగాలి. 100 కిలోల బరువు వెయ్యి మీటర్లు దిగినప్పుడు విడుదలయ్యే శక్తి మూడు లీటర్ల చల్లటి నీళ్ళను మరిగే దాకా తీసుకుపోవడానికి సరిపోతుంది. అందులో కొంత గాలి నిరోధానికి పోతుంది గానీ, మలుపుల వల్ల నెమ్మదిగా దిగినకొద్దీ బ్రేకుల వాటా పెరుగుతుంది. రిమ్ బ్రేకులు (చక్రం అంచును పట్టి ఆపేవి) అయితే ఎడతెగకుండా పట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా పట్టి తరువాత వదిలివేయడం అలవాటు చేసుకోండి.

మూడవ జవాబు

పైన ఇద్దరూ వాలు గురించే మాట్లాడారు. నాకు వాతావరణం అంతకంటే పెద్ద విషయంగా తోస్తుంది. సెప్టెంబరు మంచి నెలే. సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది, ఆగస్టులో పియానా ఎర్ర బండల మధ్య ఇరుకు రోడ్డును నింపేసే కార్లూ బస్సులూ బాగా తగ్గుతాయి. అయితే వేసవి పొడుగునా వేడెక్కిన సముద్రమే ఆ కాలంలో ఉరుముల వానలకు బలాన్నిస్తుంది. 2022 ఆగస్టు 18 ఉదయం పడమటి తీరాన్ని తాకిన తుఫానులో, మీరు వెళ్ళదలచిన ఎవిసాకు సమీపంలోని మారిఞానాలో గాలి వేగం గంటకు 220 కిలోమీటర్లు దాటింది. శిబిరాలలో చెట్లు కూలి మనుషులు చనిపోయారు. అది అరుదైన సంఘటనే అయినా, ఉదయాన్నే ఆ రోజు వాతావరణ హెచ్చరిక చూడకుండా బయలుదేరవద్దు. కనుమను మధ్యాహ్నంలోగా దాటేటట్లు చూసుకోండి. ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది కనుక, పోర్తోలో చెమటలు పట్టినా వెర్జియో మీద దిగుడుకు ముందు గాలిని ఆపే కోటు వేసుకోక తప్పదు.

సముద్రం పక్కగా సాగే దిశ గురించి నాది కొంచెం వేరే అభిప్రాయం. చాలా చోట్ల అంచు గోడ మోకాలెత్తు మాత్రమే ఉంటుంది. లోయ చూస్తే కళ్ళు తిరిగేవారికి, ఈదురుగాలి ఉన్న రోజున, దక్షిణం నుంచి ఉత్తరానికి, కొండ పక్కగా సాగడమే నిబ్బరంగా ఉంటుంది. పైగా లిబెచ్చో అనే నైరుతి గాలి వీస్తే దక్షిణానికి వెళ్ళేవారికి ఎదురుగాలి అవుతుంది. మీకు ఆ భయం లేకపోతే మీ దిశే ఉంచుకోండి.

ఇంకొక్క మాట. అడవి మంటల భయం వల్ల అక్కడ ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడం నిషిద్ధం. అందుచేత రాత్రి బసకు శిబిర స్థలాలను ముందే గుర్తించుకోవాలి. గలేరియా, పోర్తోల మధ్య ఊళ్ళు తక్కువ, ఊళ్ళలోని చిన్న దుకాణాలు మధ్యాహ్నం మూసివేస్తారు. నీళ్ళూ తిండీ గలేరియాలోనే నింపుకోండి. కనుమ దారిలో పందులు, ఆవులు రోడ్డు మీద పడుకుని ఉంటాయి, ముఖ్యంగా దిగుడులో మలుపు అవతల.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వెనుక 34 పళ్ళ క్యాసెట్ వేయించుకుని, పోర్తో నుంచి వెర్జియో మీదుగా కోర్తె వెళ్ళాలని నిర్ణయించుకున్నాము. పియానాకు మాత్రం పోర్తోలోనే బస చేసి, సామాను దించి, పొద్దున్నే ఖాళీ సైకిలు మీద వెళ్ళివస్తాము. కోర్తె నుంచి అజాక్సియోకు రోడ్డు మార్గం ఎలా ఉంటుంది?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఆ రోడ్డు 1,163 మీటర్ల విజ్జవోనా కనుమ మీదుగా పోతుంది. బాస్టియాను అజాక్సియోతో కలిపే ప్రధాన రహదారి అదే కనుక కార్లు, లారీలు ఎక్కువ. వెర్జియో తరువాత దాన్ని తొక్కడంలో పెద్ద ఆనందం ఉండదు. దానికి బదులు కోర్తెలో మీటరు గేజి రైలు ఎక్కండి. ఐఫిల్ సంస్థ నిర్మించిన వెక్యో నది వంతెన మీదుగా సాగి, విజ్జవోనా దగ్గర సుమారు 4 కిలోమీటర్ల సొరంగంలోంచి కనుమ కిందుగా అవతలికి తీసుకుపోతుంది. రైలులో సైకిళ్ళకు చోటు పరిమితం కనుక, కోర్తె చేరిన సాయంత్రమే స్టేషనులో అడిగి, మర్నాడు ఉదయపు బండిలో రెండు సైకిళ్ళకు వీలవుతుందో లేదో తెలుసుకోండి. వీలుకాకపోతే తెల్లవారుజామున రోడ్డు మీద బయలుదేరితే రద్దీ మొదలయ్యేలోగా కనుమకు దగ్గరవుతారు. చీకటిలో ఊరి బయట సైకిలు తొక్కేవారు మెరిసే జాకెట్ వేసుకోవాలన్నది అక్కడి చట్టం.