ఇంట్లో 1/6 టి-55: ట్రాక్ ఇనుముతోనా, ప్లాస్టిక్‌తోనా?

చక్రధారి (విజయవాడ):

ఆరు నెలలుగా కాగితం మీదే ట్యాంకు నడుపుతున్నాను. "ఇంకా గీతలేనా?" అని అడగడం కూడా ఇంట్లోవాళ్ళు మానేశారు. ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ, దేనితో చేయాలన్న ఈ ఒక్క ప్రశ్న తేలితే తప్ప పని కదలదు.

కడుతున్నది సోవియట్ కాలపు టి-55 ట్యాంకుకు రిమోట్‌తో నడిచే నమూనా, అసలుదానిలో ఆరో వంతు. అసలు ట్యాంకు పొట్ట (తుపాకీ గొట్టం కాకుండా బండి ఒళ్ళు) పొడవు 6.45 మీటర్లు, వెడల్పు 3.27, ఎత్తు 2.40. ఆరుతో భాగిస్తే నాది సుమారు 107 సెంటీమీటర్ల పొడవు, 54 వెడల్పు, 40 ఎత్తు. తుపాకీ గొట్టం ముందుకు ఉంటే మొత్తం మీటరున్నర. పక్కకు 90 చొప్పున ట్రాక్ లింకులు. ఒక పిన్ను నడిమి నుంచి తర్వాతి పిన్ను నడిమికి అసలు ట్యాంకులో 137 మి.మీ., నాకు 22.8 మి.మీ.

ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు నడిపే మిత్రుడు అంతా ఇనుముతోనే చేయమంటున్నాడు. మేనల్లుడు త్రీడీ ప్రింటర్ కొన్నాడు, వాడు ఇనుము మాటెత్తితేనే నవ్వుతున్నాడు. ఇద్దరూ చేతి సాయం చేస్తామంటున్నారు, కానీ ఒకరి మాట వింటే రెండోవారు రారు.

ఒక సంగతి ముందే చెప్పాలి. మా ఇల్లు రెండో అంతస్తు. లిఫ్టు లేదు. 34 మెట్లు.

లేత్ మాస్టారు:

బాబూ, 34 మెట్ల సంగతి తర్వాత చూద్దాం. టి-55ను పక్కనుంచి ఎప్పుడైనా నిలబడి చూశావా? పక్కకు అయిదు పెద్ద చక్రాలు, మొదటిదానికీ రెండోదానికీ మధ్య కొంచెం ఎక్కువ ఖాళీ. పైన ట్రాక్‌ను మోసే చిన్న రోలర్లు ఒక్కటీ లేవు. అందుకే పైభాగం ట్రాక్ తన బరువుకు తనే వాలి చక్రాల నెత్తిన పడుకుంటుంది. బండి కదిలినప్పుడు ఆ వాలు అలలా వెనక్కి పాకుతుంది. టి-55 అందమంతా అక్కడే ఉంది.

ప్లాస్టిక్ ట్రాక్ వేస్తే ఏమవుతుంది? పిండిమర బెల్టులా బిగుసుకుని నిలబడుతుంది. ఎంత రంగు పూసినా, ఎంత తుప్పు గీసినా, కదిలించిన మరుక్షణం బొమ్మ అని తెలిసిపోతుంది. చిన్న రాయి ఎక్కినా ఎగిరిపడుతుంది. అసలు ట్యాంకు 36 టన్నులు. పొడవు ఆరో వంతైతే బరువు 216వ వంతు అవుతుంది, అంటే 167 కిలోలు. అంత చేయమని అనను. కానీ 20 కిలోల టి-55 చేసేకంటే చేయకుండా ఉండడం నయం.

నాజిల్ (హైదరాబాద్):

మాస్టారూ, వాలు గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం. దానికి ఇనుమే మందు అనడంలోనే నాకు అభ్యంతరం. ట్రాక్ వాలడానికి కావలసింది బరువు. అది ఇనుమే కానక్కరలేదు, లోపల ఇనుము ఉంటే చాలు.

నేను చేసింది చెబుతాను. లింకును లోపల గుల్లగా ప్రింట్ చేసి, అడ్డంగా ఒక బొరియ వదిలాను. అందులో స్లాబుకు వాడే 6 మి.మీ. కడ్డీని 9 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి దూర్చి జిగురు పెట్టాను. కడ్డీ మీటరుకు 222 గ్రాములు, కాబట్టి ముక్క 20 గ్రాములు. ప్లాస్టిక్ 15. లింకు 35 గ్రాములైంది. 90 లింకులకు మూడు కిలోలు దాటింది. చక్కగా వాలుతుంది.

పిన్నులకు సైకిల్ చువ్వలు వాడండి. 2 మి.మీ. మందం, ఒక కొసన మర ఉంటుంది, ఆ మరకు బిగించే నిపుల్ కూడా దానితోనే వస్తుంది. రెండో కొస వంచేస్తే సరి. 180 లింకులు, ఒక్కోటి 50 నిమిషాలు, మొత్తం 150 గంటలు. ప్రింటర్ రాత్రింబగళ్ళు తిరిగినా మనం నిద్రపోవచ్చు. ఇనుప లింకులను ఆకురాయితో సానపట్టేవాడికి ఆ సౌకర్యం లేదు.

ఎండదెబ్బ (నెల్లూరు):

ఏ ప్లాస్టిక్ అన్నది ఎవరూ చెప్పడం లేదు. నేను పీఎల్ఏతో లింకులు ప్రింట్ చేశాను, అది చవక, సులువు కూడా. మే నెలలో ఒక పెళ్ళికి వెళుతూ, అక్కడి పిల్లలకు చూపించాలని కారు వెనక అద్దం కింద పెట్టాను. భోజనం చేసి వచ్చేసరికి ట్రాక్ అప్పడంలా వంపు తిరిగింది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మూసిన కారులో మన ఎండకు అది పెద్ద లెక్క కాదు. పిల్లలు మాత్రం "మామయ్యా, ట్యాంకు నిద్రపోయింది" అని సంబరపడ్డారు.

పీఈటీజీ అయితే 80 వరకు ఓర్చుకుంటుంది, ఏబీఎస్ వంద దాటి. నల్ల రంగు వేసి ఎండలో నడిపే వస్తువుకు పీఎల్ఏ వద్దే వద్దు.

లేత్ మాస్టారు:

చూశావా చక్రధారీ! ఇక రంధ్రాల సంగతి విను. ప్లాస్టిక్‌లో 2 మి.మీ. చువ్వ తిరుగుతుంటే రంధ్రం అరుగుతుంది. ఒక్కో కీలు దగ్గర పావు మిల్లీమీటరు చాలు. 90 కీళ్ళకు 22.5 మి.మీ. దాదాపు ఒక లింకు పొడవంత ట్రాక్ వదులైంది. మలుపు తిప్పగానే పళ్ళ చక్రం మీదనుంచి జారి కింద పడుతుంది. అప్పుడు ట్యాంకును వెల్లకిలా పడేసి ట్రాక్ ఎక్కించుకుంటూ కూర్చో.

నాజిల్ (హైదరాబాద్):

ఆ లెక్క నిజమే, అందుకే రంధ్రంలో ఇత్తడి గొట్టం ముక్క పెట్టాలి. లోపలి వ్యాసం 2 మి.మీ. ఉన్నది కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే దొరికింది. అయినా అరుగుదల ఇనుముకు మాత్రం లేదా? అసలు ట్యాంకు సిబ్బందే ట్రాక్ సాగినప్పుడు ఒక లింకు తీసేసి మళ్ళీ బిగిస్తారు. ముందున్న చక్రాన్ని జరిపి బిగువు సరిచేసే ఏర్పాటు టి-55లోనే ఉంది. చక్రధారి గారూ, మీ నమూనాలోనూ అది పని చేసేలా పెట్టుకోండి. అప్పుడు ఏ ట్రాక్ అయినా దారికి వస్తుంది.

చైన్ సెట్ (వరంగల్):

మీరిద్దరూ కొట్టుకుంటూ ఉండండి, నేను బైకు చైను వేసి రెండేళ్ళుగా నడుపుతున్నాను. మామూలు మోటార్‌సైకిల్ చైను లింకు 12.7 మి.మీ. రెండు కలిపితే 25.4. ఒక్కో పక్కకు రెండు చైన్లు సమాంతరంగా వేసి, ప్రతి రెండో లింకుకు అడ్డంగా ఒక రేకు పలక వెల్డ్ చేస్తే ట్రాక్ అయిపోయింది. పళ్ళ చక్రం దుకాణంలో రెడీగా దొరుకుతుంది. తెగదు, కరగదు.

చక్రధారి గారికి 22.8 కావాలి, నాది 25.4. అంటే పక్కకు 90 బదులు 81 పలకలు పడతాయి. దారిన పోయేవారిలో లెక్కపెట్టేవారు ఎవరు?

లేత్ మాస్టారు:

నేను లెక్కపెడతాను.

పదహారో వంతు (రాజమహేంద్రవరం):

మొదటి ట్యాంకే ఆరో వంతు కొలతతో మొదలుపెట్టడం ఈత రాకుండా గోదావరిలో దూకడం లాంటిది. జపాన్ కంపెనీ తామియావారు 1/16 కొలతలో కిట్లు చాలా కాలంగా తెస్తున్నారు, చైనా కంపెనీ హెంగ్ లాంగ్ బళ్ళు అంతకంటే చవక. ఒకటి కొని, విప్పి, లోహపు ట్రాక్ వేసి, గేర్లు మార్చి నేర్చుకోండి. టీపాయ్ మీద నడుస్తుంది, నడుము కూడా మిగులుతుంది.

చక్రధారి (విజయవాడ):

గౌరవంతోనే చెబుతున్నాను. 1/16 బండి ఒకటి మూడేళ్ళు నడిపాను. గడ్డిపోచ అడ్డం వస్తే ఆగిపోతుంది. పెద్దది ఎందుకంటే మట్టిలో నడవాలని. అంతకు మించి కారణం లేదు.

ఆంపియర్ (విశాఖపట్నం):

ఇంత చర్చలో మలుపు గురించి మాస్టారు తప్ప ఎవరూ మాట్లాడలేదు. ఇనుమా ప్లాస్టిక్కా అన్నది అక్కడే తేలుతుంది.

మన నమూనా ట్యాంకుకు స్టీరింగు లేదు. ఒక ట్రాక్ ముందుకు, ఒకటి వెనక్కు తిప్పితే నిలుచున్న చోటే తిరుగుతుంది. అప్పుడు నేలను తాకిన ట్రాక్ మొత్తం అడ్డంగా రాసుకుంటుంది. టి-55కు నేలను తాకే పొడవు 3.84 మీటర్లు, రెండు ట్రాక్‌ల నడిమి దూరం 2.64. నమూనాలో 64, 44 సెంటీమీటర్లు. బండి 60 కిలోలు, ఘర్షణ 0.7 అనుకుంటే, తిరగడానికి ఒక్కో ట్రాక్ 15 కిలోల బలంతో లాగాలి. తిన్నగా పోవడానికి మూడు కిలోలు చాలు. అంటే మలుపు అయిదింతల పని. మాస్టారి ఆశకు తగ్గట్టు 150 కిలోలు చేస్తే ఒక్కో ట్రాక్‌కు 38 కిలోలు.

పళ్ళ చక్రం వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు అనుకోండి. 60 కిలోల బండికి ఒక్కో మోటారు దగ్గర సుమారు 7.5 న్యూటన్ మీటర్ల తిప్పే బలం కావాలి, 150 కిలోలకు 19. కారు వైపర్ మోటారు మొదటిదానికే ఆయాసపడుతుంది. ఎలక్ట్రిక్ చక్రాల కుర్చీలోని 24 వోల్టుల, 250 వాట్ల గేరు మోటారు నిమిషానికి 130 చుట్లు తిరిగేదైతే 18 దాకా ఇస్తుంది, కాబట్టి మొదటిది ఆడుతూ పాడుతూ లాగుతుంది, రెండోదానికి చాలీచాలకుండా ఉంటుంది. వేగం నడక కంటే తక్కువే, కంగారు పడకండి. స్పీడ్ కంట్రోలర్ ఒక్కో మోటారుకు 25 ఆంపియర్లకు తగ్గకూడదు. అక్కడ పొదుపు చేసినవాళ్ళ ఇళ్ళలో కాలిన వాసన రావడం నాకు తెలుసు, మా ఇల్లు కూడా అందులో ఒకటి.

వైపర్ మోటారుకు ఒక సుగుణం ఉంది. లోపల మరగేరు కాబట్టి కరెంటు తీసేస్తే వాలులోనూ జారదు. కానీ బొటనవేలు వదలగానే టక్కున ఆగిపోయి, టర్రెట్ (తుపాకీ ఉండే పైభాగం) ముందుకు తల ఊపుతుంది. చూడడానికి బాగుండదు.

లేత్ మాస్టారు:

లెక్క బాగుంది ఆంపియర్ గారూ. కానీ ఆ 15 కిలోలను అడ్డంగా మోసేది లింకు చెవులే కదా? సిమెంటు నేల మీద ప్లాస్టిక్ చెవి ఎన్ని మలుపులు ఓర్చుకుంటుంది?

ఆంపియర్ (విశాఖపట్నం):

సిమెంటు మీద తక్కువే, మట్టి మీద చాలా. చక్రధారి గారు మట్టి కోసమే కడుతున్నానన్నారు.

ఎండదెబ్బ (నెల్లూరు):

మధ్యలో చిన్న మాట. మన సైన్యంలో టి-55లకు తర్వాత 100 మి.మీ. తుపాకీ తీసి 105 మి.మీ. పెట్టారు. రష్యన్ గొట్టానికి పొగ లాగే ఉబ్బు కొస దగ్గర ఉంటుంది, 105కు గొట్టం మధ్యలో. చాలామంది భారతీయ గుర్తులు వేసి, పాత గొట్టం తగిలిస్తారు. 1971 నాటి బండి అంటే పాత గొట్టమే సరి. ఏ కాలం బండి కడుతున్నారో ముందే అనుకోండి.

చక్రధారి (విజయవాడ):

1971 నాటిదే. గొట్టం అల్యూమినియం పైపు.

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మేనల్లుడూ నేనూ పీఈటీజీతో 11 లింకులు ప్రింట్ చేశాం. కడ్డీ ముక్కలు దూర్చాం, ఇత్తడి గొట్టాలు పెట్టాం, సైకిల్ చువ్వలు వేశాం. ఆ పట్టీని బాల్కనీ పైపు మీద వేలాడదీస్తే వాలింది. నిజంగా వాలింది. రాత్రి పదకొండింటికి లైటు వేసి దాన్నే చూస్తూ నిలబడ్డాను. చేతిలోకి తీసుకుని జార్చితే అచ్చం గొలుసులా గలగలమంది.

బాల్కనీ మోజాయిక్ మీద అడ్డంగా 40 సార్లు ఈడ్చాం. 28వ సారికి ఒక చెవి విరిగింది. పొరలు నిలువుగా పడిన చోటే విరిగింది. రెండోసారి లింకును పడుకోబెట్టి ప్రింట్ చేశాం. 40 దాటినా నిలిచింది.

కాబట్టి లింకులు ప్లాస్టిక్. పళ్ళ చక్రం, ముందు చక్రం, టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వాటి చేతులు ఇనుము. పొట్టకు 2 మి.మీ. రేకు అనుకున్నాను కానీ అది చదరపు మీటరుకు 15.7 కిలోలు. లెక్క వేస్తే రేకే 22 కిలోలు తేలింది. అడుగు భాగానికి మాత్రమే రేకు, పైదంతా ప్లైవుడ్. టర్రెట్ ఊడదీయవచ్చు, బ్యాటరీలు బయటికి వస్తాయి. ఒక్కో మోత 30 కిలోలు దాటకూడదని పెట్టుకున్నాను. వెల్డింగ్ మిత్రుడు రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న వచ్చి పళ్ళ చక్రం బొమ్మ పట్టుకెళ్ళాడు.

లేత్ మాస్టారు:

28వ సారి విరిగింది అని దాచకుండా రాశావు, బాగుంది. నా అభిప్రాయం మారలేదు. ఆ చువ్వల తలలు లోపలి వైపుకు పెట్టుకో. టి-55కు ముందు తరం ట్యాంకు టి-34లో పిన్నుకు లోపలి వైపే, అంటే పొట్ట వైపే, తల ఉండేది. పిన్ను పొట్ట వైపుకు జారితే పొట్టకు వెల్డ్ చేసిన ఏటవాలు పలకకు తగిలి తిరిగి దానంతట అదే లింకులోకి పోయేది. అలాంటి పలక ఒకటి పెట్టుకుంటే నీ నిపుల్ ఊడినా ట్రాక్ విడిపోదు. దానికి మాత్రం ఇనుమే వాడు.

చైన్ సెట్ (వరంగల్):

అన్నా, మెట్లు ఎన్నో చెప్పావు కానీ మలుపు దగ్గర చప్టా వెడల్పు ఎంతో చెప్పలేదు. 107 సెంటీమీటర్ల పొట్ట తిరగాలి కదా?

చక్రధారి (విజయవాడ):

ఇప్పుడే టేపు పట్టుకుని వెళ్ళి కొలిచాను. 90. నిలువుగా ఎత్తి తిప్పాలి. ముందు అట్టపెట్టెతో ఒకటి చేసి దించి చూస్తాను.